అంబాసిడర్ బ్రేకులు: కొత్త సామాన్లు వేసినా బండి సరిగా ఎందుకు ఆగదు?

పాత అంబాసిడర్ మీద వినిపించే ఫిర్యాదుల్లో మొదటిది బ్రేకులదే. పెడల్ నేలదాకా పోతోందంటారు, ఆపితే ఒక పక్కకి లాగుతోందంటారు, రెండు మూడుసార్లు కొడితేగానీ పట్టడం లేదంటారు. డ్రమ్ము బ్రేకులంటే ఇంతేనని తేల్చేసి ముందు చక్రాలకి డిస్కులు, సర్వో (పాదం బలాన్ని పెంచే బూస్టరు) కట్టించే ఆలోచనలో పడేవాళ్లూ ఉన్నారు. నిజానికి సరిగ్గా కుదిర్చిన నాలుగు డ్రమ్ములు ఆ బండి చక్రాల్ని రోడ్డు మీద బిగబట్టి ఈడ్చగలవు. చక్రం లాక్ అయ్యిందంటే అక్కడితో బ్రేకు పని అయిపోయింది, మిగతాది టైరు పట్టు. కాబట్టి లోపం డిజైనుది కాదు, సగంలో ఆగిపోయిన ఓవర్‌హాల్‌ది. రబ్బరు కిట్లు మారుస్తారు, షూలకి లైనింగు (డ్రమ్ముని రాసుకునే పొర) కొట్టిస్తారు, పైపుల్లోంచి ఎయిర్ తీస్తారు. కొలతలు మాత్రం తీయరు. కొత్త లైనింగు ఆ డ్రమ్ములో ఎక్కడ ఆనుతోంది, పెడల్ నుంచి మాస్టర్ సిలిండరు పిస్టన్‌ని నెట్టే పుష్ రాడ్డుకి సందు ఎంత ఉంది, ఎడమ సిలిండరు సైజు కుడిదానితో కలిసిందా అన్న ప్రశ్నలు ఎవరూ వేయకుండానే బండి రోడ్డెక్కుతుంది.

ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన ఈ బండికి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. తర్వాతి మోడళ్లలో సర్వో, ముందు డిస్కులు వచ్చాయి. ఇక్కడ చెప్పేది అంతకుముందు వాటి సంగతి: నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ డ్రమ్ములు, సర్వో లేదు, సర్క్యూట్ ఒక్కటే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరు ఆయిల్‌ని పైపుల్లోకి తోస్తుంది, చక్రం దగ్గరి వీల్ సిలిండరు ఆ ఒత్తిడితో షూని డ్రమ్ముకి ఆనిస్తుంది. ముందు ఒక్కో చక్రానికి రెండేసి వీల్ సిలిండర్లు, వెనక ఒక్కొక్కటి. ప్రీమియర్ పద్మినికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది, కొలతలు మాత్రం దానివి దానికే.

సర్క్యూట్ ఒక్కటే అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఎక్కడ ఒక్క పైపు పగిలినా, సిలిండర్లలో ఆయిల్‌ని ఆపే ఒక్క రబ్బరు కప్పు చిరిగినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. మిగిలేది హ్యాండ్ బ్రేకు, గేర్లు. అందుకే ఇలాంటి బండిలో ‘ప్రస్తుతానికి కారుతున్నది ఒక్కటే కదా, అదొక్కటి మార్చేద్దాం’ అనే పద్ధతి పనికిరాదు. ఒకే వయసున్న రబ్బర్లలో ఒకటి పోయిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టు. కొత్త కప్పు వేసి ఒకచోట ఒత్తిడి నిలబెట్టగానే, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన పక్కది లీకవడం మామూలే.

విప్పేటప్పుడు

చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో లేపాక స్టాండ్ల మీద దించాలి. ఇటుకల మీద, జాకీ ఒక్కదాని మీద ఈ పని చేయకూడదు. డ్రమ్ము రాకపోతే ముందుగా అడ్జస్టరు (షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే భాగం) పూర్తిగా వదులు చేయాలి. అరిగిన డ్రమ్ములో షూ ఒక గాడి చేసుకుని కూర్చుంటుంది, అంచు దగ్గర గట్టులా మిగిలిన ఇనుము దాన్ని బయటికి రానివ్వదు. వదులు చేయకుండా సుత్తితో బాదితే పోత ఇనుము అంచు లేచిపోతుంది.

పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉందనే లెక్కలోనే పని చేయాలి. డ్రమ్ము తీయగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము లేపడం చాలా షెడ్లలో అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి బయటికి రాదు. నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయాలి. ముక్కుకి మామూలు రుమాలు చాలదు.

స్ప్రింగులు తీసేముందు ప్రతి చక్రం దగ్గరా ఫోటో తీసుకుంటే తర్వాత గంటల పని మిగులుతుంది. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, కొక్కెం షూకి ముందువైపుందా వెనకవైపుందా అన్నది గుర్తుంచుకోవడం కష్టం. ఒకసారికి ఒక పక్కే విప్పి, రెండో పక్కని నమూనాగా ఉంచుకోవడం ఇంకా మంచిది. అయితే ఆ నమూనా కూడా ఎవరో తప్పుగా బిగించింది కావచ్చన్న అనుమానం ఉంచుకోవాలి.

మాస్టర్ సిలిండరు: సూదిమొనంత రంధ్రం

మోరిస్ వంశపు పాత బళ్లలో మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు రేకు అడుగున ఉంటుంది. కార్పెట్ తీసి, చిన్న మూత విప్పితేగానీ ఆయిల్ మట్టం కనపడదు. ఎక్కువమంది చూడకుండా వదిలేయడానికి కారణం అదే. మట్టి, నీళ్లు ఆ మూత చుట్టూ చేరతాయి. తెరిచేముందు చుట్టూ శుభ్రంగా తుడవకపోతే ఆ ఇసుక రేణువులే కొత్త కప్పుని కోసేస్తాయి.

సిలిండరు లోపల రిజర్వాయరు నుంచి బోరులోకి రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, రెండోది మిల్లీమీటరు కూడా ఉండని సన్నటిది. ఈ సన్నటిదే కాంపెన్సేటింగ్ పోర్టు. పెడల్ వదిలేసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, ప్రైమరీ కప్పు అంచు ఈ రంధ్రాన్ని కొంచెం దాటి నిలవాలి. అప్పుడే పైపుల్లో వేడెక్కి పెరిగిన ఆయిల్ రిజర్వాయరులోకి తిరిగి వెళ్తుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలంటే పుష్ రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య చిన్న సందు ఉండి తీరాలి. ఆ సందు దాదాపు 0.8 మి.మీ. పెడల్ దగ్గర లివరు నిష్పత్తిని బట్టి అది నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ కదలికగా వేలికి తెలుస్తుంది.

ఈ సందు లేకుండా బిగిస్తే జరిగేది ఇది. ‘పెడల్ వెంటనే పడుతోంది, బాగుంది’ అని యజమాని సంతోషిస్తాడు. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లేసరికి డ్రమ్ములు వేడెక్కుతాయి, ఆయిల్ పెరుగుతుంది. కప్పు రంధ్రాన్ని మూసేసి ఉంది కనుక పెరిగిన ఆయిల్‌కి పోయే దారి లేదు. షూలు వాటంతట అవే డ్రమ్ముని పట్టుకోవడం మొదలుపెడతాయి. పట్టుకున్నకొద్దీ ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. చివరికి బండి రోడ్డు మధ్యలో బిగుసుకుపోతుంది. అరగంట ఆగితే చల్లబడి మళ్లీ కదులుతుంది కాబట్టి షెడ్డుకి చేరేసరికి జబ్బు కనపడదు. అప్పుడు వీల్ సిలిండర్లు మార్చేవాళ్లు, షూ స్ప్రింగులు మార్చేవాళ్లు ఉన్నారు. సరిచూడటం తేలికే: బండి బిగుసుకున్నప్పుడు మాస్టర్ దగ్గర పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తే ఆయిల్ చిమ్మి నాలుగు చక్రాలూ వదిలితే తప్పు మాస్టర్‌ది, పుష్ రాడ్డుది. మూడు వదిలి ఒకటి పట్టుకునే ఉంటే తప్పు ఆ చక్రం దగ్గరో దాని హోస్ దగ్గరో ఉంది.

అదే రంధ్రం తుప్పుతోనో ముద్దకట్టిన పాత ఆయిల్‌తోనో మూసుకుపోయినా లక్షణం ఇదే. విప్పినప్పుడు సన్నటి రాగి తీగ పోగుతో దాన్ని తెరవాలి. డ్రిల్ బిట్టు పెట్టకూడదు. రంధ్రం పెద్దదైనా, దాని అంచు లోపలివైపు గరుకుగా తేలినా, కప్పు ప్రతి పెడల్‌కీ దాని మీదుగా పోతూ చీలుకుంటుంది.

డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండరు చివర ఒక చెక్ వాల్వు ఉంటుంది. లైన్లలో కొద్దిపాటి ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు అర కిలో నుంచి ముప్పావు కిలో, అది నిలిపి ఉంచుతుంది. వీల్ సిలిండరు కప్పుల పెదవులు గోడకి ఆని ఉండేది ఆ ఒత్తిడి వల్లే. కిట్టు మార్చేటప్పుడు ఈ వాల్వు వేయడం మర్చిపోతే ఎంత ఎయిర్ తీసినా కొన్నాళ్లకి మళ్లీ ఎయిర్ చేరుతుంది. ఎక్కడా తడి కనపడకుండా ఎయిర్ పడుతోందంటే ముందు చూడాల్సింది దీన్నే.

బోర్లు, కప్పులు

బ్రిటిష్ మూలమున్న బండి కాబట్టి బోరు సైజులు అంగుళాల్లో ఉంటాయి: ముప్పావు అంగుళం 19.05 మి.మీ., అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు 22.2, అంగుళం 25.4. కప్పు వీపు మీద సైజు అచ్చు వేసి ఉంటుంది. అరవై ఏళ్లలో ఎన్నో చేతులు మారిన బండిలో ఒక పక్క ఒక సైజు, రెండో పక్క ఇంకో సైజు సిలిండరు ఉండటం అసాధ్యమేమీ కాదు. బయటినుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీని ఫలితం లెక్క వేస్తే తెలుస్తుంది. పెడల్ మీద 30 కిలోల బరువు వేసి, పెడల్ నిష్పత్తి 5:1 అనుకుంటే పుష్ రాడ్డు మీద 150 కిలోలు. మాస్టర్ బోరు 22.2 మి.మీ. అయితే దాని వైశాల్యం 3.87 చదరపు సెంటీమీటర్లు, లైన్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి దాదాపు 39 కిలోలు. అంగుళం బోరున్న వీల్ సిలిండరు ఆ ఒత్తిడితో షూని సుమారు 196 కిలోలతో నెడుతుంది, 22.2 మి.మీ.ది 150 కిలోలతో. ఒక్క సైజు తేడాకి దాదాపు నాలుగో వంతు బలం పోయింది. బండి ఏ పక్కకి లాగుతుందో చెప్పనక్కర్లేదు. లైనింగులు ఎన్నిసార్లు మార్చినా ఈ లాగుడు పోదు.

బోరులో వేలు పెట్టి తడిమితే గోరుకి తగిలే గుంటలు ఉన్నాయంటే హోనింగ్‌తో సరిపెట్టకూడదు. సన్నటి హోన్ రాయితో మరకలు, పైపై గీతలు పోతాయి. గుంట పోయేదాకా అరగదీస్తే బోరు పెరిగి కప్పు పెదవి వదులవుతుంది. బోరు 0.1 మి.మీ. మించి పెరిగితే ఆ సిలిండరు పక్కన పెట్టాల్సిందే. గుంటలు సాధారణంగా బోరు అడుగున ఉంటాయి, ఆయిల్ పీల్చుకున్న నీళ్లు చేరేది అక్కడే. కొత్త సిలిండరు దొరికితే వేయడమే మేలు. దొరకని బళ్లకి స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గన్‌మెటల్ స్లీవు దింపించి అసలు సైజుకి బోరు చేయించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేయగల లేత్‌లు ఉన్నాయి. కాకపోతే లోపలి ఫినిషింగ్ అద్దంలా ఉండాలనీ, పోర్టుల అంచులు నునుపు చేయాలనీ ముందే గట్టిగా చెప్పాలి.

రబ్బర్లని పెట్రోలు, డీజిలు, కిరసనాయిలుతో కడగకూడదు. పెట్రోలియం తగిలిన కప్పు రాత్రికి రాత్రి ఉబ్బి, పిస్టన్‌ని బోరులో బిగించేస్తుంది. తొలినాళ్ల బ్రేక్ ఆయిల్ ఆముదం, ఆల్కహాల్ కలిపి చేసినది కావడానికి కారణం ఇదే, ఆముదం రబ్బరుకి హాని చేయదు. ఇప్పటికీ కప్పులకి రాయాల్సింది ఎర్ర రబ్బరు గ్రీజు లేదా కొత్త బ్రేక్ ఆయిల్. మామూలు బేరింగ్ గ్రీజు వద్దు. కడగడానికి స్పిరిట్ వాడొచ్చు. ఇంజన్ ఆయిల్ డబ్బా నుంచి ఎవరైనా పొరపాటున రిజర్వాయరు నింపి ఉంటే ఒక్క కప్పు మార్చి లాభం లేదు. సిస్టంలో ఉన్న ప్రతి రబ్బరూ, హోసులతో సహా, పారేయాలి.

పైపులు, హోసులు

గొట్టాలు ఉక్కువైతే పైన గీకి చూడాలి. పొక్కులు లేచిన చోట లోపల మందం ఎంత మిగిలిందో చెప్పలేం. మార్చేటప్పుడు 4.75 మి.మీ. కుప్రోనికెల్ గొట్టం మంచిది, తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. ఏసీల వాళ్లు వాడే మెత్తటి రాగి గొట్టం వేయకూడదు. బండి కుదుపులకి అది గట్టిపడి ఫ్లేర్ (విప్పారించిన గొట్టం చివర) మెడ దగ్గర చిట్లుతుంది. తెగిన చోట ఫెర్రూల్ పెట్టి అతకడం కూడా బ్రేకు లైన్లో ఒప్పుకునే పని కాదు.

నట్ల విషయంలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. పాత నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది 10 మి.మీ. మెట్రిక్, ఒక మిల్లీమీటరు మర. అంగుళాల నట్టు అసలు సైజు 9.5 మి.మీ. కాబట్టి మెట్రిక్ రంధ్రంలోకి సులువుగా దిగి, చివర బిగిసినట్టే అనిపిస్తుంది. మరలు మాత్రం అంచుల మీదే పట్టుకుని ఉంటాయి. షెడ్డులో లీక్ ఉండదు. నిజంగా గట్టిగా బ్రేకు కొట్టిన రోజున ఊడొస్తుంది. కొత్త సిలిండరు, కొత్త త్రీవే యూనియన్ (మూడు పైపులు కలిసే ముక్క) కొన్నప్పుడల్లా పాత నట్టుని చేత్తో తిప్పి చూడాలి. వదులుగా ఊగితే అది ఆ రంధ్రానిది కాదు.

రబ్బరు హోసులు ముందు రెండు, వెనక ఒకటి. బయటికి బాగానే ఉన్నా లోపలి గోడ ఉబ్బి దారి మూసుకుంటుంది. పాదం బలానికి ఆయిల్ లోపలికి పోతుంది, షూ స్ప్రింగు బలానికి వెనక్కి రాదు. ఫలితం, బ్రేకు కొట్టాక ఆ చక్రం ఒక్కటే పట్టుకుని ఉండటం. వయసు తెలియని హోస్‌ని పరీక్షించాల్సిన పనే లేదు, మార్చేయాలి. రాగి వాషర్లు కొత్తవి వేయాలి. హోస్ చివర మెలి పడకుండా ఉందా అని స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. పాత బళ్లలో బ్రేకు లైటు స్విచ్చి కూడా ఈ లైన్లోనే, ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది ఉంటుంది. దాని టెర్మినళ్ల దగ్గర తడి ఉంటే అదీ లీకే. చాలామంది చివరిదాకా వెతకని చోటు అది.

డ్రమ్ము, షూ కలవడం

ఓవర్‌హాల్‌లో అసలు పని ఇక్కడ ఉంది, ఎక్కువగా ఎగ్గొట్టేదీ దీన్నే.

డ్రమ్ము లోపలి వ్యాసాన్ని కనీసం నాలుగు చోట్ల కొలవాలి. కొలతల మధ్య తేడా 0.1 మి.మీ. దాటితే డ్రమ్ము గుండ్రంగా లేదు, పెడల్ పాదం కింద కొట్టుకుంటుంది. గీతలు, గట్లు ఉంటే లేత్ మీద కోయించాలి. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. వ్యాసంలో మొత్తం 1.5 మి.మీ. మించి పెరిగిన డ్రమ్ముని వాడకూడదు, పలచబడితే వేడి తట్టుకోదు, ఒత్తిడికి సాగుతుంది. ఒకే యాక్సిల్ మీది రెండు డ్రమ్ముల్నీ ఒకే సైజుకి కోయించాలి. నీలిరంగు మచ్చలున్న చోట ఇనుము గట్టిపడి ఉంటుంది, లేత్ టూలు అక్కడ జారి గుబ్బలు మిగులుస్తుంది. అలాంటప్పుడు గ్రైండింగ్ చేయించాలి, లేదా వేరే డ్రమ్ము వెతకాలి. చివరికి సుత్తి పిడితో తట్టి వినాలి. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది.

డ్రమ్ము కోయించగానే దాని వ్యాసార్థం పెరుగుతుంది. షూ మాత్రం పాత వ్యాసార్థంలోనే ఉంటుంది. 1.5 మి.మీ. కోసిన డ్రమ్ములో వ్యాసార్థం తేడా 0.75 మి.మీ. షూ మధ్యలో ఆనినప్పుడు దాని రెండు చివర్లలో 0.3 మి.మీ. పైగా సందు మిగులుతుంది. అంటే పాదం బలమంతా లైనింగు మధ్యలో ఒక పట్టీ మీదే పడుతుంది. ఆ పట్టీ మాడి గాజులా మెరుస్తుంది, పెడల్ గట్టిగా రాయిలా ఉన్నా బండి ఆగదు. లైనింగు తిరగబడి, అంటే చివర్లు ముందు ఆనేలా ఉంటే ఇంకో రకం బాధ: షూ చివర డ్రమ్ములో చీలలా దిగి, కీచుమంటూ ఒక్కసారిగా పట్టేస్తుంది.

సరిచూసే పద్ధతి చాలా పాతది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. డ్రమ్ము లోపల సుద్ద రుద్ది, లైనింగు కొట్టిన షూని చేత్తో డ్రమ్ములో ఆనించి ఒక అంగుళం అటూఇటూ జరపాలి. లైనింగు మీద సుద్ద ఎక్కడ అంటిందో అదే ఆనే చోటు. మధ్యలో మూడింట రెండు వంతుల పొడవున అంటి, చివర్లలో అంటకుండా ఉండాలి. చివర్లలో ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) 0.1 నుంచి 0.15 మి.మీ. దాకా దూరాలి. కాకపోతే లైనింగు షాపులో షూ గ్రైండర్ మీద ఆ డ్రమ్ము సైజు చెప్పి చెక్కించాలి. షూలు మాత్రమే పంపి డ్రమ్ములు ఇంట్లో పెట్టుకుంటే ఈ పని జరగదు, నాలుగు డ్రమ్ములూ షూలతోపాటే షాపుకి వెళ్లాలి. చివరి అంచుల్ని అర అంగుళం మేర ఏటవాలుగా చెక్కితే కీచుమనే చప్పుడు చాలావరకు పోతుంది.

రివెట్లు మధ్యనుంచి మొదలుపెట్టి రెండు చివర్లకీ వెళ్తూ కొట్టాలి. చివర్లనుంచి మొదలుపెడితే మధ్యలో లైనింగు ఉబ్బి, షూకి దానికి మధ్య గాలి మిగులుతుంది, వేడి ఇనుములోకి దిగదు, లైనింగు పగులుతుంది. రివెట్ తలలు లోతుగా దిగి ఉండాలి. వాడకంలో లైనింగు రివెట్ తలకి 0.8 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే, అంతకుమించి తోలితే రివెట్ డ్రమ్ముని గీరుతుంది. ఎడమా కుడీ ఒకే పెట్టెలోంచి తీసిన ఒకే రకం లైనింగు వేయాలి.

ముందు చక్రాల రెండు షూలూ లీడింగ్ షూలే. పిస్టన్ నెట్టే కొస నుంచి ఆనే కొస వైపుకి డ్రమ్ము తిరుగుతూ షూని తనలోకి లాక్కుంటుంది, పాదం బలానికి డ్రమ్ము బలం తోడవుతుంది. బిగించాక చక్రాన్ని ముందుకి చేత్తో తిప్పుతూ ఇది సరిచూడాలి. ఎడమ బ్యాక్ ప్లేటు (షూలు, సిలిండర్లు బిగించే పళ్లెం) సామాను కుడికి మారితే రెండు షూలూ ట్రైలింగ్ (డ్రమ్ము లాక్కోకుండా తోసేసేవి) అయిపోతాయి, కొత్త సామాన్లన్నీ వేసినా ముందు బ్రేకు సగం బలం కూడా ఇవ్వదు. ఈ అమరికకి ఒక స్వభావం ఉంది: వెనక్కి పోయేటప్పుడు ముందు బ్రేకులు బలహీనం. ఏటవాలు మీద బండి వెనక్కి జారుతుంటే పెడల్ ఒక్కటే నమ్ముకోకూడదు, హ్యాండ్ బ్రేకు లాగాలి.

వెనక చక్రాల దగ్గర సిలిండరు బ్యాక్ ప్లేటు గాడిలో అటూఇటూ జరిగే రకమైతే ఆ జరుగుడు స్వేచ్ఛగా ఉందో లేదో చూడాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే ఒక షూ మాత్రమే పనిచేస్తుంది, ఆ ఒక్కటే అరుగుతుంది. గాడిని ఎమరీతో శుభ్రం చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజు పలచగా రాయాలి. షూ అంచులు ఆనే చోట బ్యాక్ ప్లేటు మీద గుంటలు పడి ఉంటే వెల్డింగ్‌తో నింపి చదును చేయాలి, లేకపోతే షూ అక్కడ తట్టుకుని మెల్లగా వెనక్కి వస్తుంది. యాక్సిల్ ఆయిల్ సీలు కారుతుంటే లైనింగు వేయడానికి ముందే దాన్ని మార్చాలి. గేర్ ఆయిల్ పీల్చుకున్న లైనింగుని పెట్రోలుతో కడిగి, మంట చూపించి మళ్లీ వేస్తుంటారు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. అలాంటిది పారేయడమే.

ఆయిల్, ఎయిర్ తీయడం

మామూలు బ్రేక్ ఆయిల్, అంటే గ్లైకాల్ ఆయిల్, గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అందులో డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 140. డాట్ 4కి అవి 230, 155. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే ఘాట్ దిగేటప్పుడు. నలుగురు మనుషులతో 1,500 కిలోలున్న బండి తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్లు దిగితే బ్రేకులూ ఇంజనూ కలిసి మింగాల్సిన శక్తి సుమారు 10 మెగాజౌల్స్. గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి ఇరవై ఏడెనిమిదిసార్లు పూర్తిగా ఆపినంత. న్యూట్రల్‌లో దిగితే అదంతా నాలుగు డ్రమ్ముల్లోకే పోతుంది. డ్రమ్ము వ్యాకోచించి పెడల్ కిందికి దిగుతుంది, నీరు పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు లేస్తే పెడల్ నేలకి తగులుతుంది. రెండో గేరులో దిగడం, రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చడం, ఈ రెండూ కొత్త లైనింగు కన్నా ముఖ్యం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏడాదికే మార్చడం మేలు.

సిలికాన్ డాట్ 5 తేమ పీల్చదు, పెయింటు పాడుచేయదు, షెడ్డులో ఎక్కువకాలం నిలిచే బళ్లకి నచ్చుతుంది. కానీ గ్లైకాల్‌తో కలవదు. సిస్టం మొత్తం విప్పి, ప్రతి రబ్బరూ కొత్తది వేసినప్పుడే దానికి మారాలి, పెడల్ కొంచెం మెత్తగా ఉంటుందనీ ఒప్పుకోవాలి. వారానికోసారైనా తిరిగే బండికి డాట్ 4 చాలు.

ఎయిర్ తీయడానికి లీటరు కొత్త ఆయిల్ దగ్గరుంచుకోవాలి. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరగా ముందు కుడి. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి గొట్టం తొడిగి, రెండో చివర సీసాలోని ఆయిల్‌లో మునిగేలా ఉంచాలి. పెడల్ మెల్లగా తొక్కి, నేల తగిలేముందే నిపుల్ మూసి, అప్పుడు వదలాలి. పాత మాస్టర్‌ని మార్చకుండా ఈ పని చేస్తుంటే పెడల్ నేలదాకా కొట్టకూడదు. కప్పు ఎన్నడూ వెళ్లని తుప్పు భాగంలోకి వెళ్లి చిరిగిపోతుంది, ‘ఎయిర్ తీశాకే పాడైంది’ అనే మాట వచ్చేది అందుకే. ముందు చక్రాల్లో రెండు సిలిండర్లనీ కలిపే చిన్న పైపు ఎత్తుగా ఉన్న చోట గాలి చిక్కుకుంటుంది. నిపుల్ పైనున్న సిలిండరుకి వచ్చేలా బిగించామా అని చూడాలి, కిందికి వస్తే ఎన్ని లీటర్లు పోసినా ఆ బుడగ రాదు.

అడ్జస్ట్‌మెంట్

పెడల్ లోతుగా పోవడానికి గాలి కన్నా ఎక్కువసార్లు కారణం షూ సందు. ఇందాకటి లెక్కే తీసుకుంటే, ముందు నాలుగు పిస్టన్లూ అంగుళం బోరువైతే, షూలు అర మిల్లీమీటరు ఎక్కువ దూరంగా ఉన్నందుకు ఒక క్యూబిక్ సెంటీమీటరు ఆయిల్ అదనంగా కావాలి. దానికి మాస్టర్ పిస్టన్ 2.6 మి.మీ., పెడల్ 13 మి.మీ. అదనంగా కదలాలి. వెనకవి కలిపితే ఇంకా ఎక్కువ. ఒకసారి తొక్కితే లోతుగా పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైన పట్టే పెడల్ చెప్పేది ఇదే. తొక్కి పట్టుకుంటే మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి. గట్టిగా నిలిచి మెల్లగా కిందికి జారుతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ కప్పు లోపలే ఆయిల్ వదులుతోంది.

అడ్జస్టరు బ్యాక్ ప్లేటు వెనక ఉన్నా, డ్రమ్ము రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో తిప్పేదైనా పద్ధతి ఒకటే. చక్రం తిరగకుండా బిగిసేదాకా తిప్పి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి షూని మధ్యకి తెచ్చి, మళ్లీ బిగించి, అప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. ముందు ఒక్కో చక్రానికి రెండు అడ్జస్టర్లు, రెండూ విడివిడిగా. ఒక్కదాన్నే తిప్పి వదిలేసిన చక్రం ఒక షూతోనే పనిచేస్తుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్‌ని దీని తర్వాతే ముట్టుకోవాలి. షూ అరుగుదలని కేబుల్ లాగి సరిపెడితే వెనక షూలు ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంటాయి, అడ్జస్టరు కొలత తప్పుతుంది.

డిస్కులు, సర్వో సంగతికి వస్తే, సర్వో పాదం శ్రమ తగ్గిస్తుంది, బండి ఆగే దూరాన్ని తగ్గించదు. వంకర డ్రమ్ముకి సర్వో కడితే వంకరగా ఇంకా గట్టిగా పడుతుంది. ముందు డిస్కులు వేసి వెనక పాత సిలిండర్లే ఉంచితే ముందు వెనకల తూకం మారిపోతుంది, చెక్ వాల్వు తీయకపోతే డిస్కులు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. నిజంగా భద్రత పెంచే మార్పు ఒక్కటే కనిపిస్తుంది: ముందు వెనక సర్క్యూట్లని విడదీసే టాండెమ్ మాస్టర్ సిలిండరు. అదీ పాత బోరుకి సరిపడే సైజులో దొరికి, ఫ్లోరు అడుగున కుదిరితేనే.

బిగింపు అయ్యాక ముందు షెడ్డులోనే పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకుని ప్రతి కీలు దగ్గరా పొడి గుడ్డతో తుడిచి చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి ఓ మోస్తరుగా తగ్గిస్తూ, మధ్యలో అర కిలోమీటరు చల్లబరుస్తూ, పదిహేను ఇరవైసార్లు చేస్తే లైనింగు డ్రమ్ముకి కుదురుతుంది. చివర్లో ఆపకుండా నడిపి, ఆగాక నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడాలి. ముందువి రెండూ ఒకేలా, వెనకవి రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు, ఒకటి కాలుతుంటే అది వదలడం లేదు. 300 కిలోమీటర్ల తర్వాత అడ్జస్టర్లు మళ్లీ బిగించి, ఫ్లోరు మూత తీసి ఆయిల్ మట్టం చూడాలి. షూ అరుగుదలకి మట్టం కాస్త తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ తగ్గితే నాలుగు చక్రాల దగ్గరా డస్ట్ కవర్లు ఎత్తి, లోపల తడి ఉందేమో చూడాలి.